నిప్పు రాజేసినవాడే నేలను బాగుచేయవలెను

ధ్యాన భాగములు: నిర్గమకాండము 22:6, లేవీయకాండము 14:33–45



సీనాయి కొండ దగ్గర దేవుడు తన ప్రజలకు ఇచ్చిన విధులలో నిప్పును గూర్చినది ఒకటి ఉన్నది. అది చాలా చిన్నది, ఒక్క వచనమే. ఒకడు తన పొలములో నిప్పు రాజేస్తాడు. అది ముండ్లకంపకు తగులుకొని, గట్టు దాటి, పొరుగువాని పనల కుప్పనో కోతకు వచ్చిన పైరునో బుగ్గి చేస్తుంది. అప్పుడు నష్టము ఎవరు భరించవలెను? గాలి వీచినది గదా అని తప్పించుకొనుటకు వీలు లేదు. పొరుగువాని తలవ్రాత అని చేతులు దులుపుకొనుటకు వీలు లేదు. నిప్పు ఎవరు పెట్టారో వారే ఆ నష్టము కట్టి ఇయ్యవలెనని దేవుడు తీర్పు చెప్పెను.

పల్లెలలో పుట్టి పెరిగిన మన పెద్దలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. గడ్డివాము దగ్గర చుట్ట పారవేసినవాడు ఊరి పంచాయితీలో తలవంచుకొని నిలువవలసినదే. అయితే మోషే కాలములోని నిప్పు ఒక పూట మండి ఆరిపోయేది. మరుసటి ఏడు ఆ బూడిదలోనే మరల విత్తనము మొలిచేది. ఇరవై నాలుగు వేల సంవత్సరములు గడిచినను సగమే ఆరే నిప్పును ఒకడు పొరుగువాని నేలలో రాజేస్తే ఏమి చేయవలెను? ఆ తరువాత, "ఇదిగో, నీ నేల నీకే ఇచ్చివేయుచున్నాము" అని కాగితము చేతిలో పెడితే, ఆ ఋణము తీరినట్లేనా?

ఇది కట్టుకథ కాదు. ఆస్ట్రేలియా దేశములో మారలింగ అనే చోట ఇది జరిగినది. ఆ చరిత్రను దేవుని వాక్యపు వెలుగులో ఈ సంచికలో మీతో కలసి ధ్యానించవలెనని కోరుచున్నాము. అంత దూరపు సంగతి మనకెందుకని ఎవరైనా అడుగవచ్చును. మన పూర్వికులలో అనేకులకు దున్నుకొనుటకు సెంటు భూమి లేదు. బ్రతుకుతెరువు కొరకు ఊరు విడిచి, గనులకు, మిల్లులకు, రైల్వే పనులకు, తోటలకు వచ్చి పరాయి భాషల మధ్య స్థిరపడిన ప్రజలము మనము. ఎప్పుడో ఒకప్పుడు పట్టా చేతికి వచ్చి, తీరా వెళ్లి చూస్తే అది చవిటి పర్రో రాళ్ల గుట్టో అయిన అనుభవము మన బంధువర్గములో క్రొత్త కాదు. ఇచ్చుట ఒకటి, బాగైనది ఇచ్చుట మరియొకటి అని మనకు తెలుసు. గనుక ఈ సంగతి మన చెవికి త్వరగా ఎక్కవలెను.

ఆ నేల, ఆ ప్రజలు

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమునకు రాజధాని అడిలైడ్ పట్టణము. అక్కడనుండి వాయవ్యముగా సుమారు 800 కిలోమీటర్లు వెళ్తే గొప్ప ఎడారి దేశము వస్తుంది. ఎర్రని ఇసుక దిబ్బలు, చిట్టడవి పొదలు. పరాయివాని కంటికి అది ఖాళీ నేల. కాని అనంగు అని తమను తాము పిలుచుకొనే ఆదివాసులకు అది తాతముత్తాతల ఇల్లు. ఏ దిబ్బ వెనుక నీరు ఉన్నదో, ఏ కాలములో ఏ జంతువు ఎక్కడ దొరుకునో వారికి తెలుసు. ఆ దేశపు దక్షిణపు అంచున ఊల్డియా అనే ఊట ఉన్నది. ఎండిపోని నీరు గనుక అనేక తెగలవారు దూర ప్రాంతములనుండి వచ్చి అక్కడ కలుసుకొనేవారు. రైలుమార్గము వేసిన తరువాత ఆ నీటిని రైలు అవసరములకు కూడా తోడుకున్నారు.

1933నుండి 1952 వరకు ఆ ఊట దగ్గర ఒక క్రైస్తవ మిషను పనిచేసినది. సువార్త చెప్పారు, పిల్లలకు చదువు నేర్పారు, ఆకలిగా ఉన్నవారికి పిండి, చక్కెర పంచారు. 1952లో ఆ మిషను మూతబడినది. లోపలి తగవులు, తరిగిపోవుచున్న నీరు, పేరుకొనిపోవుచున్న ఇసుక, కారణములు అనేకము. అక్కడి ప్రజలను దక్షిణమున సముద్రపు వైపునకు తరలించారు. లూథరన్ మిషను నడిపిన యలాటా వారికి నివాసమైనది. ఎర్ర ఇసుకలో పుట్టినవారు తెల్లని సున్నపురాతి నేలమీద బ్రతుకవలసి వచ్చినది. తమ పుణ్యస్థలములకు, తమవారి సమాధులకు వారు దూరమైపోయారు.

ఆ కాలములోనే బ్రిటిషు ప్రభుత్వము తన అణుబాంబులను పరీక్షించుటకు చోటు వెదకుచున్నది. ఆస్ట్రేలియా ప్రధానమంత్రి రాబర్ట్ మెంజీస్ అందుకు ఒప్పుకొన్నారు. 1952నుండి 1957 వరకు ఆ దేశములో మొత్తము 12 అణుబాంబులు పేల్చారు. పడమటి తీరమున మాంటెబెల్లో దీవులలో 3, ఎడారిలో ఏము ఫీల్డ్ అనే చోట 2, మారలింగలో 7. మారలింగ అనగా ఉరుము. ఆ మాట కూడా ఆ ప్రజల భాషలోనిది కాదు. ఉత్తరాదిన మరొక ఆదివాసి తెగ మాటను తెచ్చి ఈ నేలకు తగిలించారు.

1953 అక్టోబరు 15న ఏము ఫీల్డ్‌లో మొదటి బాంబు పేలినది. వాలటిన్నా అనే చోట గుడారములలో ఉన్న ప్రజలమీదికి నల్లని పొగమంచు వంటిది వచ్చి కమ్మినది. పెద్దలు అది 'మాము', అనగా దురాత్మ, అనుకొన్నారు. కళ్లు మండినవి, వాంతులైనవి, ఒంటిమీద దద్దుర్లు వచ్చినవి. అప్పుడు అక్కడ ఉన్న బాలుడు యామీ లెస్టర్ తరువాత పూర్తిగా గ్రుడ్డివాడయ్యాడు. 1957 మే నెలలో మిల్పడీ అనే కుటుంబము, తలిదండ్రులు ఇద్దరు పిల్లలు, తమకు తెలిసిన పాత దారిన నడుచుచు వచ్చి మారలింగలో బాంబు పేలిన గోతి దగ్గర బస చేసినది. సైనికులు వారిని చూచి, యంత్రముతో పరీక్షించి, స్నానము చేయించి, వారి వేటకుక్కలను కాల్చి చంపి, యలాటాకు పంపివేశారు. ఆ తల్లి అప్పుడు గర్భవతి. ఆ బిడ్డ ప్రాణము లేకుండ పుట్టెను. లోపలికి రావద్దని హెచ్చరించు పలకలు అక్కడ ఉన్నవి, కాని అవి ఇంగ్లీషులో ఉన్నవి. వీరికి ఆ భాష చదువుట రాదు.

పెద్ద బాంబుల శబ్దము లోకమంతటికి తెలుసు. ఎక్కువ విషము మిగిల్చినవి మాత్రము 'చిన్న ప్రయోగములు' అని పేరు పెట్టి 1963 వరకు రహస్యముగా చేసినవి. మారలింగలో టరనాకి అనే చోట ప్లుటోనియం ఉన్న పరికరములను మామూలు మందుగుండుతో పేల్చి చూచారు. సుమారు 22 కిలోల ప్లుటోనియం పొడియై, తునకలై ఆ ఎడారిలో చల్లబడినది. ప్లుటోనియం కిరణములను మన చర్మమే ఆపగలదు. కాని ఆ ధూళి ఊపిరితో లోపలికి పోతే ఊపిరితిత్తులలో కూర్చుండి జీవితమంతయు హాని చేస్తుంది. దుమ్ములో కూర్చుండి, దుమ్ములో పండుకొని, దుమ్ములో వండుకొనే ప్రజల నేలలో ఆ విషము కలిసినది.

ఈ చరిత్రనుండి మూడు సంగతులు ధ్యానించుదము.

మొదటిగా: నిప్పు పెట్టినవాడే లెక్క అప్పగించవలెను

1967లో బ్రిటిషువారు శుద్ధి పని అని ఒకటి చేశారు. విషపు మట్టిని దున్ని క్రింది మట్టితో కలిపివేశారు. చెత్తను, ఇనుప ముక్కలను గోతులలో పూడ్చి పైన కాంక్రీటు మూత వేశారు. ఆ పని బాగుగా జరిగినదని నివేదిక వ్రాసుకొన్నారు. 1968లో ఆస్ట్రేలియా ప్రభుత్వము దానిని నమ్మి, ఇక బ్రిటన్‌మీద బాధ్యత లేదని విడుదల పత్రము వ్రాసి ఇచ్చినది. ఇరుపక్షములు సంతకములు చేశాయి. నేల ఎవరిదో ఆ అనంగు ప్రజలను మాత్రము ఎవరూ అడుగలేదు.

పొరుగువాని చేను కాలిపోతే, కాల్చినవాడును ఊరి పెద్దయును కూర్చుండి 'సరిపోయినది' అని వ్రాసుకొంటే అది న్యాయమా? నష్టము ఎవరిదో వారి నోట 'సరిపోయినది' అన్న మాట రావలెను. జక్కయ్య సంగతి జ్ఞాపకము చేసికొనుడి (లూకా 19:8). ప్రభువు తన ఇంట అడుగుపెట్టిన దినమున అతడు తాను ఎవరియొద్ద అన్యాయముగా తీసికొనెనో వారికే నాలుగింతలు తిరిగి ఇచ్చెదనని లేచి నిలిచి చెప్పెను. దేవాలయములో అర్పణ వేసి లెక్క సరిచేసికొనుటకు అతడు చూడలేదు. నష్టపోయినవాని గడప యొద్దకు వెళ్లుటకు సిద్ధపడెను. రక్షణ అతని ఇంటికి వచ్చినదని ప్రభువు చెప్పినది ఆ దినముననే.

మారలింగలో ఆ పని మొదలగుటకు చాలా కాలము పట్టినది. కన్నులు లేని యామీ లెస్టర్ తన చిన్ననాటి నల్ల మంచును గూర్చి సాక్ష్యము చెప్పుట మానలేదు. 1984లో జేమ్స్ మెక్‌లెల్లండ్ అధ్యక్షతన రాయల్ కమిషన్ విచారణ ప్రారంభమైనది. నల్ల మంచు వచ్చినది నిజమేనని ఆ కమిషన్ అంగీకరించినది. అతని అంధత్వమునకు అదే కారణమో కాదో తేల్చలేకపోయినది. అయితే నేలను శుద్ధి చేయు ఖర్చు బ్రిటన్ భరించవలెనని 1985లో స్పష్టముగా చెప్పినది. విడుదల పత్రము చూపించి తప్పించుకొనుటకు బ్రిటన్ చాలా దినములు చూచినది. 1991లో అనంగు పెద్దలు సముద్రములు దాటి లండనుకే వెళ్లి అడిగారు. చివరకు 1993లో బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు ఇచ్చుటకు ఒప్పుకొన్నది. 1994లో ఆ ప్రజలకు నష్టపరిహారముగా 1 కోటి 35 లక్షల డాలర్లు అందినవి.

ఆ పెద్దలతో కలసి ఈ పోరాటము నడిపినవారిలో ఆర్చీ బార్టన్ ఒకరు. చిన్నతనములోనే తల్లియొద్దనుండి వేరుచేయబడి మిషను వసతి గృహములో పెరిగిన వ్యక్తి ఆయన. ఆ దినములలో ఆదివాసి బిడ్డలను అలా తీసికొనిపోవుట ప్రభుత్వపు పద్ధతి. తల్లి ఒడిని పోగొట్టుకొన్న ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, తన ప్రజలకు తల్లివంటి నేలను తిరిగి తెచ్చుటలో ముందు నిలిచెను. తన సహోదరుల చేతనే అమ్మబడిన యోసేపును దేవుడు ఎట్లు వాడుకొనెనో మనకు తెలుసు. దేవుడు మేలుగా మార్చినంత మాత్రమున అమ్మినవారి పని మంచిదైపోలేదు. మిషను పేరు ధరించిన మన సంఘములు ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. సువార్త పంచిన చేతులకు కృతజ్ఞత చెప్పవలెను; ప్రజలను అడుగకుండ వారి విషయము తీర్మానించుట ప్రేమ కాదని కూడా చెప్పవలెను.

రెండవదిగా: కప్పిపెట్టుట శుద్ధి కాదు

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటికి పుట్టిన కుష్ఠు పొడను గూర్చి విధి ఉన్నది. మన ప్రసంగములలో ఈ భాగమును చాలా అరుదుగా చదువుతాము. గాని ఎంత జాగ్రత్తగా వ్రాయబడినదో చూడుడి. గోడమీద మచ్చ కనబడితే ఇంటివాడు యాజకునికి తెలుపవలెను. యాజకుడు వచ్చి స్వయముగా చూడవలెను. ఏడు దినములు ఇల్లు మూసివేసి మరల వచ్చి చూడవలెను. మచ్చ వ్యాపించి ఉంటే ఆ రాళ్లను ఊడదీయవలెను, ఇంటి లోపల చుట్టు గోకించవలెను, గోకిన మట్టిని ఊరి వెలుపల వేరుగా పారబోయవలెను. క్రొత్త రాళ్లు పెట్టి క్రొత్త అడుసు పూయవలెను. అంతటితో అయిపోలేదు. యాజకుడు మరల రావలెను, మరల చూడవలెను.

మచ్చమీద సున్నము కొట్టమని దేవుడు చెప్పలేదు. సున్నము కొడితే చూచువారికి ఇల్లు తెల్లగానే ఉంటుంది. లోపల మచ్చ తన పని తాను చేసికొనుచునే ఉంటుంది. 1967లో మారలింగలో జరిగినది సున్నము కొట్టుట వంటిదే. దున్నివేస్తే విషము కనబడదు, గాని పోదు. నివురుగప్పిన నిప్పు అని మన పెద్దలు దీనినే అన్నారు. 1984లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మరల వెళ్లి పరీక్షించగా, గోతులలో పూడ్చామని చెప్పిన ప్లుటోనియంలో ఎక్కువ భాగము నేలమీదనే చెల్లాచెదరుగా పడి ఉన్నదని బయటపడెను. ఆకాను తన గుడారము క్రింద నేలలో దాచినది ఇశ్రాయేలు అంతటిని హాయి పట్టణము ఎదుట ఓడించెను (యెహోషువ 7). భూమిలో దాచినది దేవునికి దాగదు.

రెండవసారి శుద్ధి 1996నుండి 2000 వరకు జరిగినది. ఇది వాక్యములోని పద్ధతికి చాలా దగ్గరగా ఉన్నది. యంత్రములతో రెండు చదరపు కిలోమీటర్లకు పైగా పైమట్టిని గోకి తీశారు. లోతైన కందకములు త్రవ్వి ఆ మట్టిని అందులో వేసి, పైన కనీసము 5 మీటర్ల మంచి మట్టితో కప్పారు. పాత గోతులలోని చెత్తను విద్యుత్తుతో కరిగించి గాజువలె గట్టిపరచవలెనని ప్రయత్నించారు. 1999లో ఆ పని చేయుచుండగా ప్రేలుడు సంభవించుటచేత దానిని మానుకొని, మిగిలినదంతయు త్రవ్వి మరల పూడ్చారు. మొత్తము ఖర్చు సుమారు 10 కోట్ల 80 లక్షల డాలర్లు. పాడుచేసిన ప్రయోగమునకు క్షణములు చాలినవి. బాగుచేయుటకు సంవత్సరములు పట్టినవి.

ఇందులో మా హృదయమును ఎక్కువగా తాకిన సంగతి ఒకటి ఉన్నది. నేల ఎంత శుభ్రమైతే చాలునని లెక్క వేయవలసి వచ్చినప్పుడు, పరిశోధకులు ఆ ప్రజల యొద్దకు వెళ్లి వారి బ్రతుకును చూచారు. వారు ఎట్లు కూర్చుంటారు, ఎక్కడ పండుకుంటారు, నిప్పుల మధ్య మాంసము ఎట్లు కాల్చుకుంటారు, పిల్లలు దుమ్ములో ఎంతసేపు ఆడుకుంటారు, ఎంత ధూళి పీలుస్తారు అని కొలిచారు. ఆ విధముగా నేలను అంటిపెట్టుకొని బ్రతికే మనిషికి సంవత్సరమునకు 5 మిల్లీసీవర్టులకు మించి కిరణము తగులకూడదని హద్దు పెట్టారు. బూట్లు వేసికొని, బండిలో వచ్చి, సాయంత్రము వెళ్లిపోయే అధికారికి సరిపడే శుభ్రత ఒకటి. నేలమీద పాకే బిడ్డకు సరిపడే శుభ్రత వేరొకటి. ఈ చిన్నవారిలో ఒకనికి చేసినది తనకే చేసినట్టు అని చెప్పిన ప్రభువు ఏ కొలత వాడునో మనము గ్రహించవచ్చును.

సహోదరులారా, పశ్చాత్తాపము కూడా ఇట్టిదే. పాత తగవుమీద మంచి మాటల పూత పూసి, కూటములో చేతులు కలిపి, 'అంతా సర్దుకొన్నది' అని చెప్పుకొనుట సులభము. గోకి తీయుట కష్టము. తీసిన తరువాత మరల వచ్చి చూచుట ఇంకను కష్టము. కాని దేవుని విధిలో రెండవసారి చూచుట తప్పనిసరి.

మూడవదిగా: ఇచ్చేవాడు ఎటువంటిది ఇచ్చుచున్నాడు?

1984లో దక్షిణ ఆస్ట్రేలియా శాసనసభ చట్టము చేసి సుమారు 76,000 చదరపు కిలోమీటర్ల నేలను అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చినది. మారలింగ ట్జరుట్జ అనే పేరున ఆ ప్రజలందరు కలసి హక్కుదారులైరి. యలాటానుండి కొన్ని కుటుంబములు ఎడారిలోనికి తిరిగి వెళ్లి ఓక్ వ్యాలీ అనే చోట గ్రామము కట్టుకొన్నవి. అది గొప్ప సంతోషమే. అయితే బాంబులు పేలిన భాగము ఆ అప్పగింతలో చేరలేదు. శుద్ధి జరిగిన తరువాత 2009 డిసెంబరులో ఆ భాగము కూడా వారి చేతికి వచ్చినది. 2014లో అది సైనిక నిషేధిత ప్రాంతమునుండి తొలగింపబడినది. మొదటి బాంబుకును చివరి అప్పగింతకును మధ్య రెండు తరములు గడిచిపోయినవి.

ఇప్పటికిని పని సంపూర్తి అయినదని చెప్పలేము. వంద చదరపు కిలోమీటర్లకు పైగా నేలలో నడువవచ్చును, వేటాడవచ్చును, గాని కాపురము ఉండరాదు. అక్కడ హెచ్చరిక గుర్తులు నిలిచి ఉన్నవి. పూడ్చిపెట్టిన విషము ఆ ప్రజల నేలలోనే ఉన్నది. ఆ శుద్ధి పనిలో పాల్గొన్న ఇంజనీరు ఆలన్ పార్కిన్‌సన్ అందులో ఖర్చు తగ్గించుటకు కొన్ని పనులు తక్కువ చేశారని పుస్తకము వ్రాసి విమర్శించారు. లేవీయుల విధిలో పాడైన మట్టిని ఊరి వెలుపల పారబోయమన్నారు. పేదవాని ఊరే ధనవంతునికి 'ఊరి వెలుపల' అయితే ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మారలింగతో ఆగిపోదు.

మలాకీ దినములలో యాజకులు గ్రుడ్డి పశువును, కుంటి పశువును బలిపీఠము మీదికి తెచ్చిరి. ఇటువంటిది మీ అధికారికి కానుకగా ఇచ్చి చూడుడి, అతడు సంతోషించునా అని దేవుడు వారిని అడిగెను (మలాకీ 1:8). పాడైన నేలను తిరిగి ఇచ్చువారిని గూర్చి కూడా ఇదే ప్రశ్న అడుగవలెను. ఆ నేలమీద నీ బిడ్డను పండుకోబెట్టుదువా? నీ ఇంటి బావి అక్కడ త్రవ్వించుకొందువా? ఆ మాటకు నోరు పెగలకపోతే, అది ఇంకను ఇచ్చుటకు తగినది కాలేదన్న మాట.

మన మధ్య

మనలో అనేకుల బంధువులు తమిళ సహోదరులతో కలసి కోలారు బంగారు గనులలో చెమటోడ్చారు. నూరేండ్లకు పైగా త్రవ్విన ఆ గనులు 2001లో మూతబడినవి. బంగారము ఎప్పుడో వెళ్లిపోయినది. రాతిని పొడిచేసి, సయనైడుతో బంగారము తీసిన తరువాత మిగిలిన మట్టి మాత్రము గుట్టలు గుట్టలుగా ఊరి నడుమ నిలిచి ఉన్నది. వేసవి గాలి వీచినప్పుడు ఆ ధూళి ఎవరి ఇండ్లలోనికి, ఎవరి పిల్లల కళ్లలోనికి వస్తున్నదో అక్కడి విశ్వాసులకు మేము చెప్పనక్కరలేదు. మారలింగ, కోలారు ఒకటే అని మేము చెప్పుట లేదు. అక్కడి విషము వేరు, ఇక్కడి విషము వేరు. గాని లాభము తీసికొనిపోయినవాడు ఒకడు, ధూళి పీల్చువాడు మరియొకడు అన్న సంగతి రెండు చోట్ల ఒకటే.

అందుచేత ఈ వాక్యము మనలను కొన్ని పనులకు పిలుచుచున్నది. ఇండ్ల స్థలములు ఇస్తామని ఎవరైనా చెప్పినప్పుడు పట్టా చూచి మురిసిపోక, ఆ నేలలో ముందు ఏమి ఉండెనో, నీరు ఎట్టిదో, సంఘ పెద్దలు వెళ్లి విచారించవలెను. మట్టిని, నీటిని పరీక్ష చేయించి ఇమ్మని వినయముగా, గాని వెనుదీయక అడుగవలెను. ఆ మాట అడుగుట కృతఘ్నత కాదు. ఫ్యాక్టరీలలో, కాంట్రాక్టు పనులలో అధికార స్థానములలో ఉన్న మన విశ్వాసులు, రాత్రివేళ కాలువలోనికి వదలుమన్న ఆజ్ఞ వచ్చినప్పుడు ఈ నిప్పు విధిని జ్ఞాపకము చేసికొనవలెను. ఇంటి లోపల కూడా ఇదే ధర్మము. తలిదండ్రులు ఆస్తి పంచి ఇచ్చినప్పుడు దానితోపాటు చెప్పని అప్పును, తీర్చని తగవును పిల్లల చేతిలో పెట్టకూడదు. సంఘమును తరువాతి తరమునకు అప్పగించు పెద్దలు లెక్కలను, మనస్పర్ధలను నేలలో పూడ్చి అప్పగింపరాదు. మీరు బ్రతికి ఉండగానే గోకి తీయుడి.

భూమి తనదని, మనము తన యొద్ద పరదేశులమై కాపురమున్నామని దేవుడు ఇశ్రాయేలుతో చెప్పెను (లేవీయకాండము 25:23). వలస వచ్చిన మనకు ఈ మాట ఎంత ఆదరణ! మనకు సొంత ఊరు ఇదని చెప్పుకొనుటకు లేకపోయినను, మనము నిలుచున్న ప్రతి అడుగు మన తండ్రిది. ఆ మాటలోనే హెచ్చరికయు ఉన్నది. తండ్రి నేలను పాడుచేసినవాడు తండ్రికే లెక్క చెప్పవలెను. సృష్టి యావత్తు మూల్గుచున్నదని అపొస్తలుడైన పౌలు వ్రాసెను (రోమా 8:22). ఆ మూలుగు ప్రసవవేదన వంటిదని కూడా వ్రాసెను. ప్రసవవేదనకు చివర బిడ్డ ఉన్నది, నిరీక్షణ ఉన్నది.

యెరికో పట్టణపువారు ఎలీషా యొద్దకు వచ్చి, ఊరు ఉన్న చోటు మంచిదే గాని నీరు చెడ్డదై భూమి పండుట లేదని చెప్పుకొనిరి (2 రాజులు 2:19–22). ప్రవక్త ఆ నీటి ఊట యొద్దకే నడిచి వెళ్లి ఉప్పు వేయగా ప్రభువు దానిని బాగుచేసెను. చెడుగు ఎక్కడ పుట్టినదో అక్కడికి వెళ్లుట ప్రవక్త పని. బాగుచేయుట దేవుని పని. మీరు లోకమునకు ఉప్పయి ఉన్నారని ప్రభువు మనతో చెప్పినప్పుడు, అన్నములో రుచి కొరకు మాత్రమే చెప్పెనని అనుకొందుమా? చెడిన ఊటలో పడవలసిన ఉప్పు మనము.

ప్రార్థించుదము. భూమిని, దాని సంపూర్ణతను కలుగజేసిన తండ్రీ, తమ నేలనుండి తోలివేయబడి తిరిగి వచ్చిన అనంగు ప్రజలను, ఓక్ వ్యాలీలోను యలాటాలోను ఉన్న వారి బిడ్డలను కాపాడుము. లాభము తీసికొనినవారి మనస్సులో నిప్పు విధిని జ్ఞాపకము చేయుము. ధూళి పీల్చుచున్న ప్రతి ఊరిని దయతో చూడుము. మేము తరువాతి తరమునకు అప్పగించునది ఏదైనను, దానిమీద మా బిడ్డలు భయము లేకుండ పండుకొనునట్లు దానిని శుద్ధి చేసి అప్పగించు ధైర్యము మాకు దయచేయుము. మా రక్షకుడైన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.